చెరువు పుస్తకం

రామతీర్థం కట్ట మీద
నా చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం.
ఉప్పు గాలికి అట్ట ఉబ్బిపోయింది.
నీళ్ళలో గాలి ఎంత, ఉప్పు ఎంత,
చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది,
తెల్లారి నాలుక్కి ఒకసారి, సాయంత్రం నాలుక్కి ఒకసారి
టార్చి చంకలో పెట్టుకుని రాస్తా.

అమావాస్య వస్తుందంటే
రెండ్రోజుల ముందే మేత సగానికి కోస్తా.
రొయ్య గుల్ల విడిచే కాలం.
పాత పెంకు జారిపోయి కొత్తది గట్టిపడే దాకా
వేలు తగిలినా కందిపోయే వొళ్ళు.
అప్పుడు వల దించను.
ఏరేటర్లు నాలుగూ తిప్పి
డీజిల్ క్యాను పక్కన పెట్టుకుని
తెల్లార్లూ కూచుంటా.
ఎనిమిదేళ్ళలో పోలయ్య ఒక్క పంట పోగొట్టలేదని
మేత కంపెనీ వాళ్ళు శాలువా కప్పారు.

ఆ శాలువానే
పొత్తికడుపుకి చుట్టుకుని
గోడ వైపు తిరిగి పడుకునుంది పెంచలమ్మ, ఒక రాత్రి.
"ఏంది మే, జొరమా?"
"కాదు."
"మరి?"
"పెళ్ళయి ఆరేళ్ళు," అంది గోడతో.

కట్ట మీదికొచ్చి లెక్కేశా.
చిన్నోడు కడుపులో ఉన్న నెలలు తీసేసినా
అరవై సార్లు.
అరవైలో ఒక్కసారీ నేను ముందుగా కనుక్కోలేదు.
పులుసులో ఉప్పెక్కువైందని అరిచిన రోజులు
అందులో ఎన్నో.

తనది రొయ్యల కంపెనీలో పని.
అయిదింటి బస్సు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు,
ఐసు నీళ్ళలో నిలబడి తలలు తీయడం.
బాత్రూంకి పోవాలంటే టోకెన్ తీసుకోవాలంట.
రోజుకి రెండే.
మొన్న చెప్పింది, అదీ అడిగితే.
నా చెరువు సరుకు ఆ బల్ల మీదికే పోతుంది.
గుల్ల విడిచే రాత్రి నేను కాపలా కాసినవాటిని
తను ఒక చేత్తో నడుం పట్టుకుని వొలుస్తుంది.

పుస్తకం వెనక పేజీలో
ఎవరికీ తెలీకుండా ఒక తేదీ రాసుకున్నా.
ఇరవై ఎనిమిది కలుపుకుని
విడవలూరు మెడికల్ షాపు ముందు నిలబడ్డా.
అతను పేపర్లో చుట్టి, నల్ల కవర్లో దూర్చి
దొంగసొత్తు ఇచ్చినట్టు ఇచ్చాడు.
సైజు తప్పు.
రోజూ తప్పే. ముప్పై ఒకటికి వచ్చింది.
ఆ తర్వాత ఇరవై ఆరు.
చంద్రుడితో పన్లేదు తనకి.

మూడోనెల పేజీ తన కంట పడింది.
నవ్విందో ఏడ్చిందో చీకట్లో తెలీలా.
"నేనేమన్నా చెరువునా?
సున్నం జల్లుతావా నాకూ?"
పెన్ను లాక్కుని తనే రాసింది, వంకర అక్షరాలతో:
ముందు మూణ్ణాళ్ళు ఊరికే కోపమొస్తుంది,
దానికి నువ్వు కారణం కాదు.
ఒక్కోసారి నువ్వే.
మొదటి రోజు ఏమైందని పదేపదే అడగబాక.
రెండో రోజు అడుగు.
మా అమ్మ అది చూసి
మొగోడు రాసుకునే లెక్కలా ఇయ్యి, అని
వక్కాకు ఉమ్మేసి లోపలికి పోయింది.
పోతూ పోతూ వాము డబ్బా
పొయ్యి గట్టు మీద పెట్టింది.

మొన్న అమావాస్యా, తన రెండో రోజూ
ఒక్కటే అయినాయి.
అర్ధరాత్రి కరెంటు పోయింది.
పరిగెత్తి జనరేటరు వేసి
రెక్కలు తిరగడం కళ్ళారా చూసి
ఇంటికొచ్చేసరికి
మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూచోనుంది.
"ఏమైంది?" అన్నా.
రెండో రోజు గదా, అడగొచ్చు.
"నడుం," అంది. "కాళ్ళు. ఐసు ఇంకా కాళ్ళలోనే ఉండాది."
పొయ్యి ముట్టించా.

పొద్దున ఓనరు కట్ట మీదికొచ్చి
పుస్తకం తిరగేసి
తెల్లారి నాలుగింటి గడి మీద వేలు పెట్టాడు.
"ఖాళీగా ఉందేంది, పోలయ్యా?"
"నీళ్ళు కాగబెడుతుండా," అన్నా.
"ఏ నీళ్ళు?"